పట్టికలో పేరు

కొన్నేండ్ల క్రిందట మా తల్లిగారికి జబ్బుచేసి, ఒక పెద్దాసుపత్రిలో తొమ్మిది రాత్రులు ఆమె మంచముప్రక్కన కూర్చుండవలసి వచ్చినపుడు, నలువదికి పైబడిన పడకలు గల ఆ వార్డునకు రాత్రివేళ ఒక్క నర్సుమాత్రమే యుండుట చూచితిని. ఆమె తన రొమ్మున తలక్రిందులుగా వ్రేలాడు చిన్న గడియారమును ఎడమచేత ఎత్తి పట్టుకొని, సెలైను గొట్టములో రాలు బొట్లను పెదవులు కదపుచు లెక్కించి, గొట్టమునకున్న చక్రమును బొటనవ్రేలితో రవంత జరిపి, మంచముకాళ్లకడ తగిలించిన కాగితముమీద రెండంకెలు వేసి, ప్రక్క మంచమునకు పోవుచుండెను. కడపటి పడకను చేరునప్పటికి మొదటి పడకమీది సీసా ఖాళీ యగుచుండెను. మూడవనాటి వేకువజామున, రాత్రియంతయు ఊపిరాడక బాధపడి అప్పుడే కొంత తెఱిపిన పడిన యొక వృద్ధుడు ఆమెకు రెండుచేతు లెత్తి మ్రొక్కి, "నువ్వు దేవతవమ్మా" అనెను. ఆమె అతని దుప్పటి సరిచేసి, నావైపు తిరిగి, "అందరూ దేవతే అంటారండీ. పొద్దున నన్ను రిలీవ్ చెయ్యడానికి మనిషి రాకపోతే మాత్రం ఎవ్వరూ అడగరు" అనెను. రాత్రి 8 గంటలకు డ్యూటీ కెక్కిన ఆమె మఱునాడు మధ్యాహ్నము 2 గంటలవరకు ఆ వార్డులోనే యుండెను.

ఆ మాట నన్ను చాలకాలము వెంటాడినది. దాని జాడ పట్టుకొని గ్రంథములు తిరుగవేయగా, ఆ ఒక్క నర్సు నోట వెలువడిన ఆ ఫిర్యాదు నూటముప్పది సంవత్సరములకు పైబడి ఒక వృత్తియంతయు లోకముతో వాదించుచు వచ్చిన వాదమేయని తెలిసినది. నర్సును పూజించుటకు లోకమెన్నడును వెనుదీయలేదు. ఆమె పేరు ఒక పట్టికలో వ్రాసి, ఆమె చదువునకు ఒక కొలతయు, ఆమె పనికి ఒక వేళయు, ఆమె కష్టమునకు ఒక వెలయు నిర్ణయింపుమని ఆమె అడిగినపుడు మాత్రము, ఆ పూజనే అడ్డుగోడగా నిలిపినది. ఆ గోడను ఒక్కొక్క రాయి చొప్పున తొలగించుటకు నర్సులు గుమిగూడి సంఘములుగా ఏర్పడిన కథనే నేనిచట చెప్పదలచితిని.

మన భాషలో ఈ వృత్తికి నేటికిని నిలుకడయైన పేరు లేకుండుటయు ఈ కథలోనిదే. పరిచారిక యన్నచో సేవకురాలను అర్థము ముందు తోచును. దాది యన్నచో బిడ్డకు పాలిచ్చి పెంచునది. మంత్రసాని పురుడు పోయునది. ఉపచారిక యనుమాట పుస్తకములు దాటి వీధిలోనికి రాలేదు. ఈ మాటలన్నియు ఒకరింట ఊడిగము చేయు ఆడుదానిని సూచించునవేకాని, మూడేండ్లు చదివి పరీక్ష నిచ్చి వచ్చిన విదుషిని సూచించునవి కావు. కావున మన జనము పండితులతో పని లేకయే ఇంగ్లీషు మాటకు 'అమ్మ'ను చేర్చి 'నర్సమ్మ' యని పిలుచుకొనిరి. ఆ పిలుపులో చనువును గౌరవమును రెండును కలవు.

ఈ కథకు మొదలు లండను నగరము. అంతకుముందు ఆసుపత్రులలో రోగులను కనిపెట్టుకొని యుండు స్త్రీ యనగా, డికెన్సు తన నవలలో సారా గాంపు అను పేర చిత్రించినట్టి త్రాగుబోతు ముసలిదియే లోకుల కన్నులకు కట్టుచుండెను. 1854లో క్రిమియా యుద్ధమునకు ముప్పదియెనిమిదిమంది స్త్రీలను వెంటబెట్టుకొని స్కుటారి సైనికాసుపత్రికి పోయిన ఫ్లారెన్సు నైటింగేలు ఆ చిత్తరువును చెరిపి, దాని స్థానమున చేత దీపము ధరించి రాత్రివేళ గాయపడినవారి పడకలనడుమ సంచరించు దయామూర్తిని నిలిపెను. 1860లో ఆమె పేర పోగైన నిధితో సెయింటు థామసు ఆసుపత్రియందు నర్సుల విద్యాలయము వెలసినది. అచ్చటి విద్యార్థినులకు ప్రతినెలయు ఒక పత్రము నింపబడుచుండెను: వేళ తప్పకుండుట, నెమ్మది, నమ్మదగినతనము, శుభ్రత యని గుణములకు గడులును, పుండునకు కట్టు కట్టుట మొదలగు పనులకు వేఱు గడులును ఆ పత్రమున నుండెను. పనితనముతోపాటు శీలమును నెలనెలయు తూచు ఆ త్రాసు నైటింగేలు మనోధర్మమునకు అద్దము. నర్సు యొక్క సారము ఆమె శీలమునందున్నది. శీలమును పరీక్షాధికారి మార్కులతో కొలువజాలడు. కావున నర్సును పరీక్షించి పట్టిక కెక్కించుట యనునది అసంగతము. ఇది ఆ మహనీయురాలి సిద్ధాంతము.

ఈ సిద్ధాంతమును ఎదిరించి నిలిచినది నైటింగేలు కంటె ముప్పదియేడేండ్లు చిన్నదైన ఒక స్కాటులాండు యువతి. ఎథెలు గోర్డను మాన్సను 1857లో ఎల్గిను పట్టణ సమీపమున జన్మించెను. నాటింగుహాములోను మాంచెస్టరులోను పని నేర్చి, ఇరువదినాలుగవ ఏట, 1881లో, లండనునందలి సెయింటు బార్తలోమ్యూ ఆసుపత్రికి మేట్రనుగా నియమింపబడెను. 1887లో డాక్టరు బెడ్‌ఫర్డు ఫెన్విక్కును పరిణయమాడి, ఆనాటి మర్యాదననుసరించి ఉద్యోగమునకు రాజీనామా చేసెను. గృహిణి యైన పిమ్మట ఆమె చేసిన కార్యము మేట్రనుగా చేసిన దానికంటె వేయిమడుగులు పెద్దది. ఆ సంవత్సరాంతమున, అప్పర్ వింపోలు వీధిలోని తన యింట, నర్సులను కొందరు వైద్యులను సమావేశపరచి 'బ్రిటిషు నర్సుల సంఘము'ను నెలకొల్పెను. విక్టోరియారాణి కుమార్తె హెలెనా రాకుమారి అధ్యక్షురాలు. సంఘము కోరిన దొక్కటియే: మూడేండ్లు శిక్షణపొంది పరీక్షలో నెగ్గినవారి పేర్లు మాత్రమే గల ఒక పట్టిక రాజ్యశాసనముచేత ఏర్పడవలెను, ఆ పట్టికలో పేరు లేనిది తాను రిజిష్టర్డు నర్సునని చెప్పుకొనరాదు. వైద్యులకు 1858 నుండియు అట్టి పట్టిక యున్నది. వైద్యుడు వ్రాసిన మందు ఎవరి చేతిమీదుగా రోగి నోటికి చేరునో, ఎవరి కన్ను రాత్రియంతయు అతని నాడిని కనిపెట్టుకొని యుండునో, ఆమెకు మాత్రము పట్టిక యేల వలదు?

వలదనుటకు కారణములు కొన్ని పైకి చెప్పబడినవి, కొన్ని చెప్పబడలేదు. పైకి చెప్పిన కారణము నైటింగేలు చెప్పినదే. చెప్పని కారణము ఆసుపత్రుల లెక్కపుస్తకములలో నుండెను. శిక్షణలోనున్న బాలికలే వార్డులలోని చాకిరియంతయు చేయుచుండిరి. వారికిచ్చునది తిండియు, బట్టయు, కొద్దిపాటి పారితోషికమును. లండను హాస్పిటలు అను పేరుగల పెద్ద ఆసుపత్రిలో శిక్షణ రెండేండ్లే. అచ్చటి నర్సులను ధనికుల యిండ్లకు పంపి, ఆ రుసుమును ఆసుపత్రి రాబడికి చేర్చుకొనుచుండిరి. అందరికిని మూడేండ్ల విద్య యనియు, బయటి పరీక్షకు నిలువవలెననియు శాసనమేర్పడినచో ఈ ఏర్పాటులకు భంగము వాటిల్లును. అందుచేత ఆ ఆసుపత్రి అధ్యక్షుడు సిడ్నీ హాలండును, మేట్రను ఈవా లక్సును పట్టిక మాట యెత్తిన ప్రతిసారియు ఎదురునిలిచిరి. ఒక పుణ్యవతి సిద్ధాంతమును ముందు నిలిపి దాని చాటున ఖర్చు లెక్కలు చూచుకొనుట ఆనాటితో అంతరించిన విద్య కాదు.

1893లో ఆ సంఘమునకు రాజముద్రాంకితమైన శాసనపత్రము లభించినది. స్త్రీల వృత్తిసంఘమునకు అట్టి గౌరవము కలుగుట అదియే మొదలని చెప్పుదురు. కాని ఆ పత్రమును ముద్రవేసి యిచ్చినవారు అందులో ఒక్క మాట మార్చిరి. సంఘము కోరినది 'పట్టిక'; పత్రములో వచ్చినది 'జాబితా'. జాబితాలో పేరు వ్రాయించుకొన్న నర్సుకు ఆ పేరుమీద చట్టమిచ్చు హక్కు ఏదియు లేదు. ఇంత తతంగము జరిపి, చివర ఆ ఒక్క పదముచేత సంఘము చేతులు కట్టివేసిరి. ఫెన్విక్కునకు ఇంతకంటె పెద్ద దెబ్బ తన యింటిలోనే తగిలెను: సంఘములో చేరిన వైద్యులు క్రమముగా పెత్తనము చేజిక్కించుకొని, ఆమెను కార్యవర్గమునుండి తప్పించి, పట్టికయే అనవసరమని ఆ సంఘముచేతనే పలికించిరి. వృత్తిలో పైవారిని పిలిచి పీటవేసిన సంఘమునకు ఏమగునో చూపుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

ఆమె అచ్చట ఆగలేదు. 1893లోనే ఒక నర్సింగు పత్రికను కొని, తానే సంపాదకురాలై అర్ధశతాబ్దముపాటు నడిపెను. 1894లో మేట్రనుల మండలి వెలసినది. 1899లో లండనునందు వివిధ దేశముల నర్సులను కలిపి 'అంతర్జాతీయ నర్సుల మండలి'ని స్థాపించి, దానికి తొలి అధ్యక్షురాలయ్యెను. ఏ దేశపు నర్సులైనను ముందు తమలో తాము సంఘముగా ఏర్పడి, ఆ సంఘముద్వారా అందు చేరవలెనని నియమము. 1902లో పట్టికకొఱకే ప్రత్యేకముగా మఱియొక సంఘము. ఈలోగా భూగోళపు ఆవలికొనయందు, స్త్రీలకు 1893లోనే వోటు దక్కిన న్యూజిలాండు దేశము, 1901లో నర్సుల పట్టికకు చట్టము చేసెను. 1902 జనవరిలో ఎలెను డోహర్టీ అను నర్సు పేరు అందు మొదట వ్రాయబడెను. 1903లో అమెరికాయందు నార్తు కరోలినా రాష్ట్రము ఆ త్రోవ త్రొక్కెను. స్వదేశములో మాత్రము ఫెన్విక్కు ఏటేట ఒక బిల్లు పంపుట, పార్లమెంటు దానిని త్రోసివేయుట సాగుచునే యుండెను.

ఈ సందర్భమున మనకు తెలిసిన యొక పేరు తటస్థించును. చెన్నపట్టణమున 1900 మొదలు 1906 వరకు గవర్నరుగా నుండి, కోస్తా జిల్లాలను సీమ జిల్లాలను ఏలిన లార్డు ఆంప్టిలు స్వదేశమునకు మరలి, 1908లో ప్రభువుల సభయందు నర్సుల పట్టిక బిల్లును తానే ప్రవేశపెట్టి నెగ్గించెను. కామన్సు సభలో ప్రభుత్వము దానికి సమయమీయక అది మూలబడినది. నైటింగేలు 1910లో కాలము చేసెను. పిమ్మట మహాయుద్ధము వచ్చి, కొన్ని వారములు కట్లు కట్టుట నేర్చిన స్వచ్ఛందసేవికలు వేనవేలుగా వార్డులలో చేరగా, ఎవరు నర్సు, ఎవరు కాదు అను ప్రశ్న సామాన్యులకు సైతము స్పష్టమైనది. 1918లో ముప్పదేండ్లు నిండి ఆస్తి అర్హత గల స్త్రీలకు వోటు వచ్చినది. మఱుసటి యేడు డిసెంబరు 23వ తేదీన పట్టిక చట్టమైనది. మొదటి సభనాటికి ముప్పదేండ్ల వయసున్న ఫెన్విక్కునకు అప్పుడు అఱువదిరెండేండ్లు. 1921లో పట్టిక తెరచినపుడు మొదటి సంఖ్య యెదుట వ్రాయబడిన పేరు ఆమెదే.

ఇట్లు వ్రాయుటచేత ఆమెను కొత్త దేవతగా నిలుపుచున్నానని పాఠకులు తలపకుందురు గాక. ఆమె పట్టుదలలో కుల గర్వమువంటి దొకటి కలదు. నర్సువృత్తి మర్యాదస్థుల యింటి ఆడుపిల్లలది కావలెనని ఆమె కోరిక. పేదయింట పుట్టి పూట గడువక వార్డులో చేరిన పిల్ల ఆమె కన్నులకు వృత్తి గౌరవమును దింపునదిగా తోచెను. పురుష నర్సులకును, పిచ్చాసుపత్రుల నర్సులకును ప్రధాన పట్టికలో చోటు లేక, వేఱు పట్టికలలో వ్రాసిరి. పట్టికలో చేర్చుకొనుటకు ఆమె విధించిన కాఠిన్యమునకు విసిగి, పట్టికను నిర్వహించు మండలికి 1922లో జరిగిన తొలి యెన్నికలో నర్సులే ఆమెను ఓడించిరి.

ఆ వేఱు పట్టికలవారి సంగతి ఒక్కటి చెప్పి ముందునకు పోయెదను. పిచ్చాసుపత్రులలో పనిచేయు స్త్రీపురుషులు 1910లోనే కూలివారి పద్ధతిని యూనియను కట్టుకొనిరి. 1922 ఏప్రిలులో నాటింగుహాము సమీపమున రాడ్‌క్లిఫు అను చోటనున్న ఆసుపత్రిలో, పనిగంటలు పెంచి జీతములు తగ్గింతుమని అధికారులు చెప్పగా, అచ్చటి నర్సులు రోగులను విడిచిపోవుటకు మనసొప్పక, వారితోకూడ వార్డులలోనే యుండి, తలుపులకు మంచములును బల్లలును అడ్డముపెట్టి పని తమ యేర్పాటున సాగించిరి. పోలీసులు గునపములతో తలుపులు పగులగొట్టి, అగ్నిమాపక గొట్టములతో నీళ్లు చల్లి లోన ప్రవేశించినపుడు, ఆ నర్సుల పక్షమున రోగులు సైతము పెనగులాడిరి. వారిని పనినుండి తీసివేసిరి. పట్టికలో పేరు గౌరవమును తెచ్చినది. గంటలను కూలిని సరిచేయలేదు. ఆ పని 1943లో నర్సుల జీతములను విచారించిన రష్‌క్లిఫు కమిటీ వచ్చి, రెండువారములకు 96 గంటలకు మించరాదని చెప్పువరకు వేచియుండవలసి వచ్చెను.

ఇక మన దేశము. 1871లో చెన్నపట్టణపు జనరల్ ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ ఆరంభమైనది. 1885లో వైస్రాయి భార్యయైన డఫరిన్ దొరసాని పేర స్త్రీ వైద్యనిధి యేర్పడి, ఆడువారి ఆసుపత్రులు లేచి, వానితోపాటు నర్సులు, మంత్రసానులు కావలసివచ్చిరి. వచ్చువారెవరు? మన సమాజమున పురుటిగదియు, పుండును, రక్తమును మైలకు నిలయములు. పురుడు పోయు మంత్రసానిని గడప దాటి లోనికి రానిచ్చి, పని తీరినంతనే పసుపునీళ్లు చల్లుకొను ఇండ్లవారు తమ కుమార్తెను పరపురుషుల పడకలమధ్య రాత్రిళ్లు తిరుగు ఉద్యోగమునకు పంపుదురా? నర్సుద్యోగమని వినగానే ముక్కున వ్రేలు వేసికొనిరి. కావున మొదట వచ్చినవారు ఆంగ్లో ఇండియన్ యువతులును, క్రైస్తవమతమున చేరిన పేద కుటుంబముల బాలికలును, అనాథలును, అయినవారెవ్వరును చేరదీయని వితంతువులును. లోకము వెలివేసిన చేతులే లోకపు పుండ్లు కడిగినవి.

మన తెలుగునేలలో ఈ కథ నడిచిన తావులలో గుంటూరు ముఖ్యము. అమెరికా లూథరను మిషనుకు చెందిన డాక్టరు ఆన్నా కుగ్లరు 1883లో అచ్చటికి వచ్చి, మొదట వైద్యమునకు పూర్తి అనుమతియైనను లేక, ఉపాధ్యాయినిగా పనిచేయుచు, మందులపెట్టెతో ఇల్లిల్లు తిరిగి, పదునైదేండ్లకు, 1898లో, స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెరచినది. ఆమెకు తోడుగా వచ్చిన ట్రెయిన్డ్ నర్సు కేథరిన్ ఫాస్, తెలుగు బాలికలను చేరదీసి పని నేర్పినది. ఉష్ణమాపకమును చదువుటకు అంకెలును, మందుసీసాలమీద చీటీలు చదువుటకు అక్షరములును నేర్చి, వార్డునుండి వార్డునకు తెల్లచీర కొంగు నడుమున దోపుకొని తిరిగిన ఆ పిల్లల పేర్లు చరిత్రగ్రంథములలో కానరావు. కుగ్లరు పేరు ఆసుపత్రికి నిలిచినది. మన పల్లెలలో ఆంగ్లవైద్యముపై నమ్మకము కుదిరినది మాత్రము ఆ పిల్లల చేతి చలువవలననే యని నా దృఢవిశ్వాసము.

మన దేశపు నర్సులు సంఘముగా ఏర్పడుట కూడ తెల్లవారి చేతులమీదుగనే మొదలైనది. 1905లో లక్నో నగరమున ఆసుపత్రుల నర్సింగు సూపరింటెండెంట్లు కొందరు సంఘము కట్టిరి. 1908లో బొంబాయియందు 'ట్రెయిన్డ్ నర్సుల సంఘము' వెలసినది. అందున్నవారు దాదాపు అందరును ఐరోపీయులు. 1910లో సొంత పత్రిక, 1912లో ఫెన్విక్కు స్థాపించిన అంతర్జాతీయ మండలిలో సభ్యత్వము, 1922లో రెండు సంఘములును ఒక్కటగుట. ఇంతవరకును ఇది దొరసానుల వ్యవహారమే యని కొట్టివేయువారుందురు, నేనట్లనజాలను. దూరదూరముగా ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క సివిలు సర్జను మాటకు లోబడి బ్రదుకుచున్న నర్సులకు, తమబోటివారు ఇతర పట్టణములలో ఎట్లున్నారో, ఎంత జీతము పొందుచున్నారో, ఏ పరీక్ష చదువుచున్నారో నెలనెలయు తెలియజెప్పు ఒక పత్రిక యుండుటయే గొప్ప సంగతి. భారతీయ నర్సులు మెల్లమెల్లగా ఆ సంఘమును తమదిగా చేసికొనిరి. స్వాతంత్ర్యమునకు పిమ్మట తెహ్మినా అద్రన్‌వాలా అను భారతీయ నర్సు భారత ప్రభుత్వమునకు నర్సింగు సలహాదారుగా కూర్చుండెను.

సంఘము కోరినది అచ్చముగా ఫెన్విక్కు కోరినదే: పట్టిక. 1926లో చెన్నరాజధాని శాసనసభ నర్సుల, మంత్రసానుల చట్టము చేసినది. ఇంగ్లండులో ముప్పదిరెండేండ్ల పోరాటముచేత లభించినది ఏడేండ్లలో మన జిల్లాలకు వచ్చినదన్నమాట. రాజధానులు విడిపోయి రాష్ట్రము లేర్పడినను ఆ 1926 చట్టమే ఆంధ్రరాష్ట్రమునకు సంక్రమించినది. మన నర్సుల పేర్లు ఆ చట్టము తెరచిన పట్టికలోనే ఎక్కుచు వచ్చినవి. బొంబాయికి అట్టి చట్టము 1935లో గాని రాలేదు.

పట్టిక యున్నను అందు వ్రాయుటకు పేర్లెన్ని? దేశపు ఆరోగ్యస్థితిని విచారించుటకు 1943లో ఏర్పడి 1946లో నివేదిక సమర్పించిన భోరు కమిటీ ఆ లెక్క తీసినది. దేశమున డాక్టర్లు 47,500 మంది. నర్సులు 7,000 మంది. అనగా ఏడుగురు డాక్టర్లకు ఒక్క నర్సు. నలువదిమూడు వేల జనమునకు ఒక్క నర్సు. పెక్కు దేశములందు వైద్యులకంటె నర్సులే ఎక్కువగా నుందురు. మన దేశములో పిరమిడును తలక్రిందులుగా నిలిపిరి. ఎందుకు రారో కమిటీయే చెప్పెను: ఇఱుకు నివాసములు, మితిలేని పనిగంటలు, చాలని జీతములు, సమాజమున చిన్నచూపు. 1946లోనే ఢిల్లీయందును వెల్లూరునందును నర్సింగునకు డిగ్రీ చదువులు మొదలైనవి. 1947 మార్చి నెలలో తొంబదేండ్ల ఫెన్విక్కు లండనులో కన్నుమూసినది. అదే సంవత్సరము కడపటి దినమున, డిసెంబరు 31న, భారతీయ నర్సింగు మండలి చట్టము అమలునకు వచ్చినది.

తరువాతి నలువదేండ్లను త్వరగా దాటవచ్చును. 1954లో చెన్నరాష్ట్ర ఆరోగ్యమంత్రి ఎ. బి. శెట్టి అధ్యక్షతను, 1987లో సరోజినీ వరదప్పన్ అధ్యక్షతను కమిటీలు కూర్చుండి, నర్సుల పనిస్థితులను విచారించి, నివేదికలు వ్రాసినవి. ప్రభుత్వాసుపత్రులలో జీతపు స్కేళ్లు కొంత మెఱుగుపడినవి. ఈలోగా దేశపు వైద్యము ప్రభుత్వము చేతినుండి జారి ప్రైవేటువారి చేతులలో పడినది. నర్సులలో పెక్కుమంది వారి కొలువున చేరిరి. అచ్చట పట్టికయు చట్టమును ఉన్నవి గాని, జీతమునకు కొలతయే లేదు. అప్పుచేసి నర్సింగు చదివిన పిల్ల చేరిననాడే తన సర్టిఫికెట్లను యాజమాన్యమునకు అప్పగించి, ఇన్నేండ్లు మానననియు, మానినచో ఇంత సొమ్ము కట్టుదుననియు బాండు వ్రాసి సంతకము పెట్టవలెను. పాలేరును ఏడాదికి కట్టివేయు జీతపు కాగితమును చూచిన మన పల్లెలవారికి ఆ బాండు కొత్తది కాదు.

ఈ దశలో త్రోవ చూపినది కేరళము. మన పట్టణములలోని పెద్ద ఆసుపత్రుల వార్డులలో పనిచేయు మలయాళీ నర్సులను ఎఱుగని తెలుగువారుండరు. వారి స్వదేశమున 2011లో నర్సులు పాత సంఘములను నమ్ముకొనక కొత్త యూనియను కట్టుకొని, ఆసుపత్రి వెంబడి ఆసుపత్రి సమ్మెకు దిగిరి. 2012లో కోతమంగళమునందు ఒక సమ్మె నూరు దినములు దాటినది. తెల్లబట్టలతో వానలో వీధిని కూర్చున్న ఆ యువతులను చూచి, దేవతలు సమ్మె చేయుదురా యని అడిగినవారికి కొదువ లేదు. 2011లోనే, 1908నాటి ఆ ట్రెయిన్డ్ నర్సుల సంఘము సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసినది. 2016 జనవరి 29న న్యాయస్థానము ఆజ్ఞాపింపగా కేంద్రప్రభుత్వము కమిటీని వేసినది. రెండువందల పడకలకు మించిన ప్రైవేటు ఆసుపత్రి ఆ రాష్ట్రపు ప్రభుత్వ నర్సుతో సమానముగా జీతమీయవలెను. నూరు దాటినచో అందులో నూటికి పదికి మించి తగ్గరాదు. ఏబది మొదలు నూరువరకు నూటికి ఇరువదియైదుకు మించి తగ్గరాదు. ఏబది పడకలకు లోబడినచోటను నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదు. ఇది ఆ కమిటీ చెప్పిన లెక్క. కేంద్రము ఆ లెక్కను రాష్ట్రములకు పంపి, అమలు భారమును వారిపై నుంచినది. కేరళములో నర్సులు 2017 జూలైలో మరల వీధికి వచ్చినపిమ్మట ఇరువదివేల రూపాయల కనీసవేతనమునకు ఒప్పందము కుదిరినది. 2018 ఏప్రిలులో ప్రభుత్వపు ఉత్తరువు వెలువడినది. 1947నాటి చట్టమునకు బదులుగా 2023లో పార్లమెంటు కొత్త నర్సింగు చట్టము చేసినది. అదియు ప్రధానముగా చదువును పట్టికను గురించినదే.

మా తల్లిగారు కోలుకొని ఇంటికి వచ్చిననాడు, ఆ నర్సమ్మకు చీరయు పండ్లును తీసికొనిపోయి ఇచ్చితిని. ఆమె పండ్లు వార్డులోని ఆయాలకు పంచి, చీర నాకే తిరిగి యిచ్చి, "మా అసోసియేషన్‌వాళ్లు కలెక్టరుగారికి అర్జీ ఇస్తున్నారండీ, మీరు కూడా సంతకం పెడితే చాలు" అనెను. పెట్టితిని. ఈ వ్యాసము చదువు పెద్దలను నేను కోరునదియు అంతమాత్రమే. ఈమాఱు మీ ఊరి నర్సింగుహోమునకు పోయినపుడు, అచ్చట పడకలెన్నియో, రాత్రివేళ నర్సు లెందరో, నెలకు ఆమె కిచ్చున దెంతయో అడుగుడు. ఏబది పడకలలోపు చోటునకు 2016లో చెప్పిన మొత్తము 20,000 రూపాయలు.